ఏడో తరగతికి పదండి టీచరు రాసిచ్చిన ఇల్లు

నేను, బస్సు డిపో వెనక ఉన్న మూడంతస్తుల బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన టీచర్ని, వయసు అరవై నాలుగేళ్ళు, పెళ్ళి లేదు, సంతానం లేదు, పూర్తి తెలివిలో ఉండి, ఒకరు చెప్పగా కాక నా ఇష్టప్రకారం, నా చేతిరాతతో ఈ వీలునామా రాసుకుంటున్నాను. బడిలో పిల్లలు నన్ను "పదండి టీచరు" అనేవాళ్ళు. బయటికి తీసుకెళ్ళిన ప్రతిసారీ వరసలో వెనకబడ్డ వాళ్ళని "పదండి, పదండి" అని తరిమేదాన్ని కాబట్టి ఆ పేరు వచ్చింది. కాదనడానికి లేదు.

నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం దీని వెనక పిన్ను చేశాను. నా ఊపిరితిత్తుల గురించి ఆయన రాసిచ్చిన రెండో కాగితం పిన్ను చెయ్యలేదు. అది చదివి ఎవరూ చెయ్యగలిగింది లేదు. ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నానని కూడా ఇక్కడ రాయాలట. అది రాయలేను. ఈ రోజు ఫిబ్రవరి పదకొండు. ఏప్రిల్ ఇరవైతో వేసవి సెలవలకి బడి మూస్తారు. మా బడిలో ఏడు దాటితే తరగతి లేదు. పెద్ద బడి రెండు బస్సుల దూరంలో ఉంది, సగం మంది అక్కడికి చేరరు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ ఊళ్ళోనే పెరిగి, ఇక్కడ ఏముందో ఒక్కసారి కూడా చూడకుండా పనుల్లోకి పోతారు. నా మీద ఉన్న ఒత్తిడి అది. అది తప్పిస్తే మిగతా అంతా నా ఇష్టమే.

ఆరేళ్ళ కిందట నేను రాసిన వీలునామాను, ఇల్లు తమ్ముడికి చెందాలన్న మాటతో సహా, ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. తమ్ముడూ, కాగితం ఇక్కడే విసిరికొట్టకు. నీ సంగతి ఆరో అంశంలో ఉంది.

1. ఈ వీలునామాను అమలు చెయ్యవలసిన వ్యక్తిగా మా బడి లెక్కల మాస్టారిని నియమిస్తున్నాను. ఆయనా నేనూ ఇరవై ఏళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చున్నాం, అందులో పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు. గొడవంతా కిటికీ గురించి. ఆయనకి మూసి ఉండాలి, నాకు తెరిచి ఉండాలి. నేను రిటైరైన రోజున ఆయన కిటికీ తెరిచి, మళ్ళీ తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఇంత మొండి మనిషి చేతిలో పెడితే నా మాట పక్కకి పోదు. మాస్టారూ, మీరు దేన్నీ రెండుసార్లు సరిచూడకుండా నమ్మరు. మూడో అంశం, నాలుగో అంశం చదివాక నన్ను కూడా అలాగే సరిచూసుకోండి.

2. లాండ్రీ దుకాణం పైన, రెండో అంతస్తులో నాకున్న రెండు గదుల ఇల్లు, వంటగది, బట్టలారేసుకునే ఇనప బాల్కనీతో సహా అమ్మివేయాలి. పడమటి గోడకి చెమ్మ ఉందని కొనేవాళ్ళకి ముందే చెప్పాలి. సున్నం వేసి దాచొద్దు. వచ్చిన సొమ్మంతా బ్యాంకులో వేసి, దాని మీద వచ్చే వడ్డీతో ప్రతి ఏడాదీ మా బడి ఏడో తరగతి పిల్లల్ని నాలుగుసార్లు బయటికి తీసుకెళ్ళాలి. ఒకసారి మ్యూజియానికి, ఒకసారి నాటకశాలకి, ఒకసారి సంగీత కచేరీ హాలుకి. నాలుగో చోటు పిల్లలు చెప్పాలి. వాళ్ళు రైల్వే స్టేషను అంటే రైల్వే స్టేషనుకే తీసుకెళ్ళాలి. "అందులో సంస్కృతి ఏముంది మేడమ్" అని హెడ్మాస్టరు గారు అంటారు. ఆయన అన్నారని ఆగొద్దు.

దీనికి కొన్ని షరతులు పెడుతున్నాను. తరగతి మొత్తం వెళ్ళాలి. మార్కులు వచ్చినవాళ్ళు, బుద్ధిమంతులు అని ఏరితే ఈ దానం చెల్లదు. మ్యూజియం అవసరం ఎక్కువగా ఉన్నది ఎప్పుడూ ఆఖరి బెంచీకే. బూట్లు లేని పిల్లలకి వారం ముందు, నలుగురిలో కాకుండా, విడిగా పిలిచి కొనిపెట్టాలి. వారం ముందు అని ఎందుకంటున్నానంటే, ఒకసారి నేను ముందు రోజు కొన్నాను, మర్నాడు పిల్లలు బొమ్మలు చూడడం మానేసి మడమల మీద బొబ్బలు చూసుకున్నారు. బస్సులో ప్రతి బిడ్డకీ ఒక సీటు ఉండాలి. తిరిగొచ్చాక "ఈ రోజు నేను ఏమి చూశాను" అని వ్యాసం రాయించకూడదు. ఆ వ్యాసాలు నేను ముప్పై ఏళ్ళు రాయించాను, దిద్దాను. ఆ వ్యాసం భయానికి పిల్లలు బొమ్మ కింద అట్టముక్క చదువుతారు కానీ బొమ్మ చూడరు. ఆఖరుగా, ఎవరూ వెనకనుంచి "పదండి, పదండి" అనకూడదు. ఒక బిడ్డ ఒకే బొమ్మ ముందు గంటసేపు నిలబడితే నిలబడనివ్వాలి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

3. ఇల్లు ఎందుకు ఇలా రాస్తున్నానో చెప్పకపోతే ముసలిదానికి మతిపోయిందని కోర్టుకెక్కుతారు. కాబట్టి చెప్తున్నాను. చాలా ఏళ్ళ కిందట మ్యూజియంలో నేలమాళిగ గదిలో ఒక పెద్ద మట్టి కాగు చూపించాను. వెయ్యేళ్ళ నాటిది. దాని పిడి కింద కుమ్మరి బొటనవేలు దిగబడిన గుర్తు ఉంది. నేను రాజుల గురించి చెప్పుకుంటూ పోతున్నాను. మూట కూలీ కూతురు ఒకత్తి, ఏడాదంతా క్లాసులో నోరు విప్పని పిల్ల, కాగు దగ్గరే ఆగిపోయి అడిగింది: "టీచర్, మా నాన్న కూడా ఇట్లానే వేలేస్తాడు కాగితం మీద. అయితే ఇది కూడా సంతకమేనా?" అవునన్నాను. "అయితే ఈయన పేరు పోలేదన్నమాట" అంది. నేను పెట్టుకున్న పాఠం ఆ రోజు సగంలో ఆపేశాను. ఆ పిల్ల తర్వాత ఏమైందో నాకు తెలియదు. గొప్పదై ఉంటుందని చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఆ పూట మాత్రం అది వాళ్ళ నాన్నని తల ఎత్తి చూసుకుంది. అంతకంటే నాకేం కావాలి?

తర్వాత ఒక కొత్త నియమం వచ్చింది. పిల్లల్ని బడి గేటు దాటించాలంటే ఒక్కొక్కరికీ ఒక చీటీ కావాలి. దాని మీద తల్లో తండ్రో సంతకం చెయ్యాలి, లేదా వేలిముద్ర వెయ్యాలి. నియమం మంచిదే. మా తల్లిదండ్రులు పొద్దున ఐదింటికి పనుల్లోకి పోతారు, పిల్లలు నిద్రలో ఉంటారు. చీటీ ఇంటికి వెళ్ళి నూనె మరకలతో వచ్చేది, పడవై వచ్చేది, అసలు రాకపోయేది. కొంతమందికి కాగితమంటేనే భయం. "దేని మీద వేలేస్తే ఏం నెత్తిన పడుతుందో అమ్మా" అని ఒక తల్లి నా మొహం మీదే తలుపు వేసింది. మొదటి రెండేళ్ళూ ఇల్లిల్లూ తిరిగాను. మూడో ఏడు మోకాళ్ళు సహకరించలేదు. నాటకశాలకి వెళ్ళే రోజు పొద్దున ఎనిమిదింటికి నా చేతిలో ఏడు చీటీలు ఉన్నాయి, ముప్పై ఒకటి లేవు. బస్సు గేటు దగ్గర హారన్ కొడుతోంది. పిల్లలు తలలు దువ్వుకుని వరసలో నిలబడ్డారు. ఆఫీసు గదిలో స్టాంపు ప్యాడు తీసుకుని, ముప్పై ఒక్క చీటీల మీదా నా బొటనవేలు వేశాను.

ముప్పై ఒకటీ ఒకే వేలితో వెయ్యకూడదన్న ఇంగితం కూడా లేకపోయింది నాకు. దొంగపని చేతకాని దొంగని.

4. ఈ అంశం రాయడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఆ ముప్పై ఒక్క మందిలో సైన్ బోర్డులు రాసే పెయింటరు కూతురు ఉంది. ఆ రోజు ఒక పెద్ద బోర్డుకి నిచ్చెన పట్టుకోవడానికి కూతురు కావలసి వచ్చి ఆయన బడికి వచ్చాడు. పిల్ల లేదు. బస్సులో వెళ్ళిందన్నారు గానీ ఎక్కడున్నదీ, ఎప్పుడొచ్చేదీ చెప్పగలిగినవాళ్ళు లేరు. సాయంత్రం ఐదింటికి బస్సు వచ్చేదాకా ఆ తండ్రి గేటు దగ్గర నిలబడే ఉన్నాడు. ఆయన భయం నిజం, దానికి కారణం నేను, అందులో నాకు వాదించడానికేమీ లేదు. తర్వాత ఆయన విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడివాళ్ళు చీటీ చూపించి "ఇదిగో నీ వేలిముద్ర" అంటే ఆయన మండిపడ్డాడు. "ఊళ్ళో సగం షాపులకి పేర్లు రాసింది నేను. నా పేరు నాకు రాసుకోడం రాదా? వేలేస్తానా నేను?" అన్నాడట. అక్కడ గుట్టు బయటపడింది. చీటీలన్నీ తీసి చూస్తే అన్నిటి మీదా ఒకే వేలు.

విచారణ హెడ్మాస్టరు గదిలో జరిగింది. బల్లకి అటువైపు ముగ్గురు అధికారులు. ఇటువైపు నేనూ, హెడ్మాస్టరూ, చీటీలు పోగుచేసి బీరువాలో పెట్టే అటెండరూ. ఆ అటెండరుని బడంతా గంట అక్క అంటుంది. పంతొమ్మిదేళ్ళు ఆ బడికి గంట కొట్టింది. అందులో ఒక్క రోజు ఒక్క నిమిషం తేడా రాలేదు. "చీటీలు ఎవరి దగ్గరుంటాయి?" అని అడిగారు. ఆమె దగ్గరన్నారు హెడ్మాస్టరు. అంతే, విచారణ అయిపోయింది. గంట అక్క చెయ్యి చాపి, "నా వేలు పక్కన పెట్టి చూసుకోండి సార్. ఇప్పుడే చూడండి" అంది. పెద్ద అధికారి ఫైలు మూస్తూ, "అవసరం లేదమ్మా. టీచర్లు సంతకాలు పెడతారు. వేలిముద్రలు వేసేదెవరో మాకు తెలీదా?" అన్నాడు. గంట అక్కకి చదవడం, రాయడం వచ్చు. పంతొమ్మిదేళ్ళు రోజూ హాజరు పట్టీలో నా పేరు కింద ఆమె పేరు తను రాసుకున్నదే.

నేను ఆ గదిలోనే ఉన్నాను. రెండు అడుగుల దూరంలో. నా నోరు పెగల్లేదు. నా ఉద్యోగం పోతుంది, పింఛను పోతుంది, తమ్ముడి ఇల్లు గడవదు, ఇలా లోపల లోపల అన్నీ అనుకున్నాను. అవన్నీ సాకులు. భయపడ్డాను, అంతే. ఆ సాయంత్రం ఆమె ఉద్యోగం పోయింది. ఆమె ఆఖరిసారి గంట కొట్టి, ఆ ఇనప కమ్మీని గుడ్డతో తుడిచి, మేకుకి తగిలించి వెళ్ళిపోయింది. నేను తొమ్మిదో పాఠం చెప్పుకుంటూ కిటికీలోంచి చూశాను.

ఆఫీసువాళ్ళు రాసిన ఆర్డరులో మాట ఇది: "ఈ ముద్రలు వేసిన వ్యక్తి స్వయంగా, లిఖితపూర్వకంగా అంగీకరించేంత వరకు సదరు పాఠశాల విద్యార్థులను ఆవరణ దాటించరాదు." చెయ్యని పనిని గంట అక్క ఎందుకు ఒప్పుకుంటుంది? ఆమె ఒప్పుకోలేదు. నేను చెప్పలేదు. ఫైలు అలాగే ఉంది, బస్సు మళ్ళీ రాలేదు. నాలుగు ఏడో తరగతులు వెళ్ళిపోయాయి. ఇప్పుడున్నది ఐదోది. పోయిన నెల ఈ ఇల్లు ఇప్పుడే అమ్మేసి ఇస్తాను, పిల్లల్ని తీసుకెళ్ళండి అని హెడ్మాస్టరు కాళ్ళా వేళ్ళా పడ్డాను. "డబ్బు కాదు మేడమ్ సమస్య, ఫైలు" అన్నాడు. మనిషి పిరికివాడే గానీ ఆ మాట నిజం.

కాబట్టి లిఖితపూర్వకంగా రాస్తున్నాను. ఆ ముప్పై ఒక్క వేలిముద్రలూ నావి. గంట అక్క ఏ తప్పూ చెయ్యలేదు. నేను పోయిన తర్వాత ఈ అంశాన్ని విద్యాశాఖ ఆఫీసులో చూపించి ఫైలు మూయించాలని లెక్కల మాస్టారిని కోరుతున్నాను.

5. గంట అక్కకి నా రెండు బంగారు గాజులూ, కుట్టు మిషనూ చెందాలి. ఇది పరిహారం కాదు. పరిహారం చెల్లించేంత ఆస్తి నాకు లేదు.
(ఈ అంశం కొట్టివేయబడింది. ఎవరు కొట్టేశారో, ఎందుకో పదో అంశంలో ఉంది.)

6. తమ్ముడికి: నాన్నగారి గడియారం, నా రేడియో, స్టీలు బీరువా. ఇల్లు ఇవ్వడం లేదు. నీ చదువుకీ, నీ పెళ్ళికీ, నీ షాపు మునిగినప్పుడూ నేను లెక్క చూడలేదు, ఇప్పుడూ చూడను. అక్క మనకివ్వకుండా ఊళ్ళోవాళ్ళ పిల్లలకి పెట్టిందని మరదలు నలుగురిలో అంటుంది. అననివ్వు. పోయినసారి ఆసుపత్రిలో నువ్వు మూడు రాత్రులు బల్ల మీద కూర్చుని నిద్రపోయావు. మెలకువ వచ్చినప్పుడల్లా నీ బట్టతల చూసుకుని, చిన్నప్పుడు నా వెనక పరిగెత్తిన వాడు వీడేనా అనుకున్నాను. నా మీద కోపం పెట్టుకో గానీ రెండు నెలలకి చాలించు.

7. మేనల్లుడికి: నా పుస్తకాలన్నీ. వాడు చదవడని నాకు తెలుసు. కింద గదిలో సెల్ ఫోన్ల షాపు పెట్టుకుందామని వాడు ఏడాదినుంచి నా గోడలు కొలుస్తున్నాడు, ఎప్పుడొచ్చినా జేబులో టేపు ఉంటుంది. "అత్తా, ఈ గోడ తీసేస్తే ఎంత వెడల్పొస్తుందో చూశావా?" అంటాడు. ఒరే, కింద గది లాండ్రీవాళ్ళది, మనది కాదు. ఈ మాట ముప్పై సార్లు చెప్పాను. పుస్తకాలు అమ్ముకోదలిస్తే అమ్ముకో, అట్లాసు మాత్రం ఉంచుకో. నీకు నాలుగేళ్ళప్పుడు దాని మీద పాలు ఒలకబోసి సముద్రం పెద్దదైందని ఏడ్చావు.

8. కింద లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆమె కూతురికి, ఏడో తరగతి చదువుతున్న పిల్లకి, నా గోడ మీదున్న ఊరి మ్యాపు చెందాలి. ఎర్ర పెన్సిలుతో చుట్టినవి చూడవలసిన చోట్లు. ఆ పిల్ల బడి వదలగానే పైకొచ్చి మ్యాపు ముందు నిలబడి వేలితో దారులు వెతుకుతుంది. "టీచర్, మ్యూజియంలో గట్టిగా మాట్లాడితే తిడతారా? నాటకంలో నిజంగా ఏడుస్తారా, ఉత్తుత్తిగానా?" అని ప్రాణం తోడేస్తుంది. పోయిన వారం, "మా క్లాసుని ఎప్పుడు తీసుకెళ్తారు టీచర్?" అంది. త్వరలోనే అన్నాను. కిందికి దిగి చూస్తే ఇస్త్రీ బల్ల దగ్గర ఒక కొత్త పీట కనిపించింది. ఎందుకని అడిగాను. "వేసవి నుంచి పిల్ల కూడా చేస్తది కదమ్మా, బల్ల అందదు దానికి" అంది వాళ్ళమ్మ.

9. హెడ్మాస్టరు గారికి నా గొడుగు. ఒక పుల్ల విరిగింది. విచారణ రోజున గంట అక్క అలాంటిది కాదని తెలిసీ తెలియనట్టు కూర్చున్నందుకు ఆయన మీద నాకు కోపం ఉండేది. నేను నోరు మూసుకుని ఆయన్ని అనడం ఏమిటని తర్వాత తగ్గింది. పూర్తిగా పోలేదు కాబట్టి గొడుగు బాగుచేయించడం లేదు. పెయింటరుకి ఏమీ ఇవ్వడం లేదు, ఆయన తీసుకోడు. ఎవరైనా వెళ్ళి క్షమించమన్నానని చెప్పండి.

10. ఇక్కడి నుంచి ఈ రోజు సాయంత్రం రాస్తున్నది. పై తొమ్మిది అంశాలూ నిన్ననే చిత్తుప్రతిగా లాయరు గారికి చూపించాను. ఆయన చదివి కళ్ళద్దాలు తీశారు. "మేడమ్, అంతా బాగుంది. కానీ వీలునామా మీరు పోయాకే పనిచేస్తుంది. ఏప్రిల్ అంటున్నారు మీరు" అన్నారు. డాక్టరు ఏడాది అన్నాడు, ఇంకొంచెం కూడా కావచ్చన్నాడు. అంటే నేను బతికున్నంత కాలం ఆ ఫైలు మూతపడకుండా అలాగే ఉంటుంది. ఇంకా ఉంటానంటే ఎవరైనా సంతోషిస్తారు. నేను మాత్రం ఏప్రిల్‌కి ఎన్ని వారాలున్నాయో లెక్కపెట్టుకున్నాను. నేను పోవడం ఆలస్యమైతే ఆ పీట మీదికి పిల్ల ఎక్కేస్తుంది. సిగ్గు విడిచి రాస్తున్నాను, త్వరగా పోయే దారి ఏదైనా ఉందా అని ఒక పూటంతా ఆలోచించాను. చెప్పడం కంటే చావడమే సులువనిపించింది నాకు. అంత పిరికిదాన్ని.

ఈ రోజు మధ్యాహ్నం సాక్షి సంతకాలకి ఇద్దరిని పిలిపించాను. పక్కింటి టైలరు వచ్చాడు. రెండో సాక్షిగా గంట అక్కని పిలిచాను. వస్తుందనుకోలేదు, వచ్చింది. వీలునామాలో ఏదైనా తీసుకునేవాళ్ళు సాక్షి కాకూడదని లాయరు గారు అన్న మాట నాకు అప్పుడే గుర్తొచ్చింది, ఆమెకీ చెప్పాను. నాలుగేళ్ళలో జుట్టంతా తెల్లబడింది. ఇప్పుడు ఒక హోటల్లో గిన్నెలు తోముతోంది, చేతులు నానిపోయి ఉన్నాయి. చదవకుండా సంతకం పెట్టనంది. ప్రతి లైను కిందా వేలు పెట్టుకుంటూ మొదటి నుంచీ చదివింది. టైలరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాలుగో అంశం దగ్గర ఆమె వేలు ఆగలేదు. అదే నన్ను చంపింది. ఐదో అంశం చదివి పెన్ను అడిగి, ఆ రెండు లైన్లూ అడ్డంగా కొట్టేసింది.

"లాయరు గారు చెప్పారన్నారు కదా, తీసుకునేవాళ్ళు సాక్షి కాకూడదని. నాకు గాజులొద్దు. సాక్షిగానే ఉంటా" అంది. నువ్వు నన్ను తిట్టలేదేమక్కా, ఇది చదివి నీకు ఆశ్చర్యమైనా వెయ్యలేదా అని అడిగాను.

ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నాకు ఆ రోజే తెలుసు టీచరూ. బస్సెక్కే ముందు మీరు చేతులు కడుక్కుంటుంటే మగ్గుతో నీళ్ళు పోసింది నేనే కదా. ఊదారంగు సిరా పోలేదు, నా కొంగుతోనే తుడుచుకున్నారు. ఆ గదిలో మీ వంక చూశా. మీరు తల దించుకున్నారు. సర్లే, గంట ఎవరైనా కొడతారు, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళేది ఈమె ఒక్కతే, ఈమెని ఉండనిద్దాం అనుకున్నా. తర్వాత వాళ్ళు బస్సే ఆపేశారు. అప్పుడైనా మీరు చెప్తారని చూశా. నాలుగేళ్ళు చూశా."

నేను ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు. ఏడుపు అయిపోయేదాకా ఆగి, కాగితం మడిచి నా ఒళ్ళో పెట్టింది. "మీరు పోయాక చదివే నిజం నాకెందుకు? అది విని ఆ అధికారుల మొహాలు ఎట్లా ఉంటాయో నేను చూడాలా వద్దా? పిల్లలు అప్పటిదాకా ఆగుతారా? రేపు సోమవారం. పదింటికి ఆఫీసు తెరుస్తారు. హోటల్లో సెలవు చెప్పొస్తా, నాతో రండి. ఆ గాజులు ఈ ఏటి బస్సుకి పెట్టండి" అంది.

వస్తానన్నాను. టైలరు కూడా విన్నాడు, కాబట్టి ఇక తప్పించుకోవడానికి లేదు. మూడో అంశమూ నాలుగో అంశమూ వేరే కాగితం మీద ఎత్తి రాశాను, కింద నా సంతకం చేశాను. ఆ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. నేను ఆ మెట్లెక్కి చాలా కాలమైంది. ఊపిరి అందకపోతే ప్రతి మెట్టు మీదా కూర్చుంటాను. పింఛను ఆపేస్తారు, ఆపుకోనీ. కేసు పెడితే పెట్టనీ. ఆ బల్ల ముందు మళ్ళీ నోరు పెగలకపోతే ఏం చెయ్యాలన్నదే నా భయం. అందుకే కాగితం మీద రాసి పట్టుకెళ్తున్నాను. అయ్యా, అధికారి గారూ, ఇది మీరు చదువుతుంటే మిమ్మల్ని వేడుకునేది ఒకటే. శిక్ష నాకు వెయ్యండి, ఎంతైనా వెయ్యండి, గంట అక్క పేరు కొట్టెయ్యండి, బస్సుని మాత్రం వదలండి. ఏప్రిల్ ఇరవైకి పది వారాలు కూడా లేవు. ముప్పై ఎనిమిది చీటీలు ఈసారి నేనే ఇల్లిల్లూ తిరిగి తెస్తాను. నాకు వీలుకాకపోతే లెక్కల మాస్టారు తెస్తారు. ఆయన రెండుసార్లు సరిచూస్తారు.

రేపు నేను ఆ మెట్ల మీదే పోతే, మిగతా వీలునామా రాసినట్టే అమలు కావాలి.

తేదీ: ఫిబ్రవరి పదకొండు, ఆదివారం, సాయంత్రం ఐదున్నర.

సంతకం: పదండి టీచరు, లాండ్రీ పైన రెండో అంతస్తు.

సాక్షులు:

మొదటి సాక్షి: పక్కింటి టైలరు. (నా ఎదుట వీలునామా రాసినవారు ఏడ్చారు గానీ తెలివిలోనే ఉన్నారు.)

రెండో సాక్షి: గంట అక్క. ఈ చోటు ఇప్పటికి ఖాళీగా ఉంది. రేపు ఆఫీసులో, ఆ అధికారి కళ్ళెదుట, ఆయన బల్ల మీద పెట్టి తన పేరు రాస్తానని, తనది వేలిముద్ర కాదని, ఆయన చూడాలని అంది.